అక్కకో కరెంటు బండి

నాన్నింగ్,
సెప్టెంబరు 3.

తమ్ముడు దాలిన్‌కు,

నీ ఉత్తరం అందింది. దగ్గు తగ్గిందని రాశావు, నేను నమ్మను. చిన్నప్పుడు ఒళ్ళు కాలిపోతున్నా "తగ్గిపోయిందక్కా" అనేవాడివి. జైలు డాక్టరుకి చూపించుకో. నీ కూతురు షియావ్‌యు బాగానే ఉంది. తొమ్మిదేళ్ళ పిల్లకి తొంభై ఏళ్ళ ముసలమ్మ నోరు వచ్చింది. నా పెంపకమే మరి.

ఇక్కడ నా పని ఆగమైంది. నేను వండే బడి క్యాంటీన్‌ను నది అవతల కొత్త పేటకి మార్చేశారు. ఇన్నాళ్ళూ ఇంటి నుంచి పది నిమిషాలు నడిస్తే చాలు. ఇప్పుడు రెండు బస్సులు మారాలి. ఐదున్నరకల్లా పొయ్యి వెలిగించాలి, మొదటి బస్సేమో ఐదింటికి గానీ బయల్దేరదు. వారంలో రెండుసార్లు ఆలస్యమైంది. "యాభై దాటినవాళ్ళని మానిపించడానికి నేను ప్రత్యేకంగా కారణం వెతుక్కోనక్కర్లేదు" అని సూపర్‌వైజరు అందరి ముందూ అన్నాడు. తల కొట్టేసినట్టయింది. ఈ ఉద్యోగం పోతే నన్నెవరు పెట్టుకుంటారు? నేనూ పిల్లా ఏం తిని బతకాలి?

అందుకని కరెంటు బండి కొనాలనుకుంటున్నాను. నవ్వకు. ఈ ఊళ్ళో పిల్లులు తప్ప అందరూ కరెంటు బండి నడుపుతారు. నేను మాత్రం ఇన్నేళ్ళూ నీ వెనక కూర్చుని తిరిగాను. పదిహేనేళ్ళు బండ్ల షాపు నడిపినవాడి అక్కకి బండి కొనడం రాదంటే లోకం నవ్వుతుంది. ఏది కొనాలో, ఏం చూసుకోవాలో, ఎవరి మాట నమ్మకూడదో వివరంగా రాయి.

పిటిషన్ సంగతి. ఇంకోసారి వెయ్యొచ్చని కొత్త లాయరు అంటున్నాడు. నువ్వు తయారుచేసి ఇచ్చిన బ్యాటరీలో ఏ లోపమూ లేదనీ, ఆ పాన్ హుయ్‌జెన్ నాసిరకం ఛార్జర్ పెట్టి తన ఇల్లు తనే తగలబెట్టుకుందనీ గట్టిగా రాస్తాడట. మొన్న సంతలో ఆవిడ ఎదురైంది. నా నోరు ఊరుకోదు కదా. "నీ తండ్రిని నువ్వు కాల్చుకుని నా తమ్ముణ్ణి జైల్లో పెట్టించావు" అన్నాను, పదిమందికీ వినబడేలా. ఎప్పటిలాగే తల దించుకుని వెళ్ళిపోయింది. తప్పు చెయ్యని మనిషి అలా తల దించుకుంటుందా?

వసంతానికి నువ్వు బయటికి వస్తావు. మచ్చ లేకుండా రావాలి. అంతకన్నా నాకింక కోరికలు లేవు.

నీ అక్క
యిన్‌మెయ్


జైలు, మూడో విభాగం,
సెప్టెంబరు 13.

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. రెండేళ్ళుగా నన్నెవరూ బండి గురించి అడగలేదు. ఇక్కడ నేను గొడుగులకి పుల్లలు బిగిస్తాను. అది తప్ప నాకేమీ రాదనుకుంటారు.

ముందు నీ పొడుగు చూసుకో. సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనాలి. మునివేళ్ళు ఆనితే చాలని షాపువాడంటాడు. వానలో ఎర్ర లైటు దగ్గర ఆగినప్పుడు తెలుస్తుంది ఆ మునివేళ్ళ సంగతి. షాపులోనే స్టాండు వేసి తియ్యి. ఒక్కదానివే వెయ్యలేకపోతే ఆ బండి నీది కాదు. బ్రేకులు ఎండలో ఎలాగూ పడతాయి, టైర్ల మీద నీళ్ళు పోయించి పట్టి చూడు. షాపువాడు విసుక్కుంటాడు. విసుక్కోనీ.

బ్యాటరీ సీసంతో చేసినదే తీసుకో, లిథియం వద్దు. బరువెక్కువ, రెండేళ్ళకి నీరసపడుతుంది, పక్కవాళ్ళు పాతకాలం మనిషివంటారు. అననీ. కంపెనీ సీలు ఉన్నదే తీసుకో. వంద కిలోమీటర్లు వస్తుందంటే అరవై అనుకో. నీకు రోజుకి పాతిక చాలు.

ఇంకోటి. కొత్త బండ్లు గంటకి పాతిక కిలోమీటర్లు దాటకుండా లోపల కట్టేసి ఉంటాయి. డబ్బు కట్టాక షాపువాడు గొంతు తగ్గించి "కట్టు విప్పమంటారా అక్కా?" అంటాడు. నేనూ అలాగే అనేవాణ్ణి. ఊళ్ళో విప్పించుకోని బండి లేదు. నువ్వు మాత్రం వద్దను.

ఛార్జింగ్ కింద షెడ్డులోనే పెట్టు, ఎంత వరస ఉన్నా సరే. బ్యాటరీని కూరల సంచిలో దాచి మెట్లెక్కించకు. మన మేడలో అందరూ అదే చేస్తారు, వీధి కమిటీ లువో పెద్దమ్మ కళ్ళు కప్పడం గొప్పనుకుంటారు. నువ్వు చెయ్యకు.

మా ఉత్తరాలు చదివే అధికారికీ కరెంటు బండి ఉందట. బ్రేకుల మీద నీళ్ళు పోసే సంగతి తనకి తెలియదన్నాడు.

పిటిషన్ వద్దక్కా. ఎనిమిది నెలల్లో వచ్చేస్తాను. పాన్ హుయ్‌జెన్‌ని కూడా ఏమీ అనకు.

నీ తమ్ముడు
దాలిన్


నాన్నింగ్,
సెప్టెంబరు 24.

తమ్ముడూ,

మూడు సాయంత్రాలు కాళ్ళరిగేలా తిరిగాను. నువ్వు చెప్పినవన్నీ కాగితం మీద రాసుకుని వెళ్ళాను. టైర్ల మీద నీళ్ళు పొయ్యమంటే ఒకడు, "అక్కా, బండి కొంటున్నావా, స్నానం చేయిస్తున్నావా?" అన్నాడు. ఇంకోడు నువ్వు రాసినట్టే గొంతు తగ్గించి "విప్పమంటారా?" అన్నాడు. నాకు నువ్వే నిలబడి అడిగినట్టనిపించి షాపులోనే కళ్ళనీళ్ళు వచ్చాయి. వాడు కంగారుపడి ప్లాస్టిక్ స్టూలు వేశాడు.

కొత్త బండ్లు నాకు నచ్చలేదు. వెనక సీటు అరచెయ్యంత ఉంటుంది. షియావ్‌యుని బడి నుంచి ఎవరు తీసుకొస్తారు? వంతెన ఎక్కేటప్పుడు ముసలాడిలా మూలుగుతాయి. సీసం బ్యాటరీ ఉన్నదైతే ఆ బరువుకి నేను ఇటూ అటూ తిప్పుకోలేకపోయాను.

ఇంటికొచ్చి అన్నం వండుతుంటే బుర్రకి తట్టింది. నేనెంత పిచ్చిదాన్ని! నీ నల్ల బండి మన కింది సామాన్ల గదిలోనే ఉంది కదా! బండి పంక్చరైందని నువ్వే ఒకరోజు అక్కడ పెట్టావు, మర్నాడు పాన్ వాళ్ళ ఇల్లు కాలింది. పోలీసులు నీ షాపులోవన్నీ పట్టుకుపోయారు గానీ ఇది ఎవరి కంటా పడలేదు. ఇవాళ టార్పాలిన్ తీసి చూశాను. దుమ్ము తప్ప దానికేం రోగం లేదు. కూర్చుంటే రెండు పాదాలూ నేలకి ఆనాయి.

అందులో ఉన్నది నీ చేత్తో చేసిన బ్యాటరీ. వచ్చినవాళ్ళందరికీ "నా బండిలోనూ ఇదే వేసుకున్నాను" అని చూపించేవాడివి, నాకు బాగా గుర్తు. దాన్ని వదిలేసి ఎవడో ముక్కూమొహం తెలియనివాడికి డబ్బు పొయ్యాలా? నా తమ్ముడి బండి మీద నేను వెళ్తాను. ఊళ్ళో అందరూ చూడాలి.

తొందరగా రాయి. సరేనన్నావని అనుకుంటున్నాను.

యిన్‌మెయ్


జైలు, మూడో విభాగం,
అక్టోబరు 2.

అక్కా,

ఆ బండి వద్దు. దాని నంబరు ప్లేటు గడువు అయిపోయి ఉంటుంది, పోలీసులు పట్టుకుంటారు. వెనక బ్రేకు నేను వాడేటప్పుడే సరిగ్గా లేదు. రెండేళ్ళు కదలకుండా ఉంటే టైర్లు బీటలిస్తాయి. సామాన్ల గదిలో ఎలుకలు తీగలు కొరికేసి ఉంటాయి. అది నీకు బరువు కూడా, మొదటిసారి నడిపేవాళ్ళ బండి కాదది.

బ్యాటరీతో సహా పాతసామాన్లవాడికి ఇచ్చెయ్యి. విప్పకు, ఛార్జింగ్ పెట్టకు. కొత్తది కొనుక్కో. వెనక సీటు చిన్నదైతే పెద్దది వేయించుకోవచ్చు. నేనొచ్చాక నీ డబ్బు తీర్చేస్తాను.

నా మాట విను. ఈ ఒక్కటీ విను.

దాలిన్


నాన్నింగ్,
అక్టోబరు 11.

తమ్ముడూ,

నీ ఉత్తరం చూసి బాధేసింది. పోయిన వారం ఫోనులోనూ ఏడు నిమిషాల్లో ఆరు నిమిషాలు ఊరుకున్నావు, చివర "అక్కా, ఆ బండి..." అంటుండగా గంట కొట్టారు. నీ బండి నేను ముట్టుకుంటే అరిగిపోతుందా? చిన్నప్పుడు నీ గోళీలు కూడా ఇలాగే దాచుకునేవాడివి.

నీ సాకులన్నిటికీ జవాబు రాస్తున్నాను, చదువుకో. నంబరు ప్లేటు గడువు ఇంకో ఏడాది ఉంది, స్టేషన్లో అడిగాను. టైర్లు మార్పించాను. బ్రేకులు వేయించి, నీళ్ళు పోసి మరీ చూశాను, మా తమ్ముడు చెప్పాడని. ఎలుకలు నీ తీగలు తినలేదు, నా బియ్యం తిన్నాయి. బరువంటావా, నేను రోజూ క్యాంటీన్లో అంతకన్నా బరువున్న గంజి డేగిసాలు ఎత్తుతాను.

నిజం చెప్పాలంటే అది రోడ్డెక్కి అప్పుడే తొమ్మిది రోజులైంది. రెండేళ్ళు పడుకున్న బ్యాటరీ ఒక పట్టాన లేవలేదు. వీధి చివర సైకిలు షాపాయన ఏదో వేరే ఛార్జర్ పెట్టి లేపాడు. లేచాక చూడాలి దాని జోరు! వంతెన మీద నేనే అందరికన్నా ముందు. ఇప్పుడు ఐదింటికే క్యాంటీన్లో ఉంటున్నాను. సూపర్‌వైజరు నోరు మూతబడింది.

తిట్టకు, ఛార్జింగ్ ఇంట్లోనే పెడుతున్నాను. కింద షెడ్డులో ఎప్పుడూ చోటుండదు. ఆకుకూరల కింద పెట్టి మూడో అంతస్తుకి తెస్తాను. మొన్న మెట్ల మీద లువో పెద్దమ్మ తగిలి "ఏం కూరమ్మా, ఇంత బరువు?" అంది. "గుమ్మడికాయ" అన్నాను. షియావ్‌యు నవ్వాపుకోలేక గోడవైపు తిరిగింది. ఖాళీగా ఉన్న ప్లగ్గు వంటింట్లో పిల్ల మంచం పక్కన ఒక్కటే కదా, అక్కడే పెడుతున్నాను.

ఇంకో మాట. రోజూ కావాలనే పాన్ హుయ్‌జెన్ నూడుల్స్ బండి ముందు నుంచి వెళ్తున్నాను. ఆవిడ చూడాలనే వెళ్తున్నాను. నా తమ్ముడు చేసిన బ్యాటరీ మీద నేను తిరుగుతున్నాను, నా పిల్ల తిరుగుతోంది, మాకేమైంది? లాయరు కూడా ఇది మంచి సాక్ష్యమన్నాడు. నీ చేతి పని మీద నాకే నమ్మకం లేకపోతే ఇంకెవరికుంటుంది?

యిన్‌మెయ్


జైలు, మూడో విభాగం,
అక్టోబరు 19.

ఈ ఉత్తరం చదివే అధికారి గారికి: అయ్యా, దీన్ని ఆపకండి. వరసలో పెట్టకండి. చదివిన వెంటనే మా అక్కకి మీరే ఫోన్ చెయ్యండి, నంబరు కవరు వెనక రాశాను. ఉదయం మిమ్మల్ని ఫోన్ అడిగితే కారణం చెప్పమన్నారు. నోటితో చెప్పలేకపోయాను. కారణం ఇదే.

అక్కా,

ముందు ఇది చెయ్యి. ఛార్జర్ గోడ దగ్గర ఆపెయ్. షియావ్‌యుని తీసుకుని కిందికి దిగిపో. బ్యాటరీని నువ్వు ముట్టుకోకు, ఫైరింజన్ వాళ్ళని పిలువు. వాళ్ళే తీసుకెళ్తారు. తర్వాత చదువు.

పాన్ హుయ్‌జెన్ ఛార్జర్‌లో ఏ దోషమూ లేదు.

ఆ ఏడాది అందరూ పెద్ద బ్యాటరీలే అడిగేవాళ్ళు. కొత్త సెల్స్ కొనే స్తోమత నాకు లేదు. పాత కార్లు విడగొట్టేచోట నుంచి వాడి పడేసిన సెల్స్ తెచ్చాను. కొత్త నీలం కాగితం చుట్టి, నల్ల టేపు వేసి ఆరు బ్యాటరీలు కట్టాను. మంచివే అని నన్ను నేను నమ్మించుకున్నాను. అందుకే ఒకటి నా బండిలో వేసుకున్నాను. నాలుగు అమ్మాను. ఆరోది షాపులో బల్ల మీద ఉండగానే, ఎవరూ ముట్టుకోకుండానే, ఒక పొద్దున్న చూస్తే ఉబ్బి ఉంది. చేత్తో పట్టుకుంటే వేడిగా ఉంది. ఇసక బకెట్‌లో పూడ్చేశాను.

ఆ రోజే అమ్మినవాళ్ళ దగ్గరికి పరుగెత్తాల్సింది. వెళ్ళలేదు. షాపు పరువు పోతుందనుకున్నాను. ఒక్కటే చెడిందేమో అనుకున్నాను. నీకు పంక్చరని చెప్పాను కదా, పంక్చరూ లేదు, గింక్చరూ లేదు. నా బండి నడపడానికి నాకే భయమేసి నీ సామాన్ల గదిలో పెట్టాను. మర్నాడు పాన్ వాళ్ళ నాన్న చనిపోయాడు.

కోర్టులో నా లాయరు "ఛార్జర్ మార్చారా?" అని అడిగితే పాన్ హుయ్‌జెన్ "మార్చాను" అని ఏడ్చింది. నాకు దారి దొరికినట్టయింది. నువ్వు నన్ను నమ్మావు. నువ్వు నమ్ముతుంటే నాక్కూడా అది నిజమేననిపించేది. ఫోనులో చెబుదామనుకున్నాను, నీ గొంతు వినగానే నోరు రాలేదు.

ఆ బ్యాటరీ నా కూతురి తల పక్కన ఉందని రాశావు. ఆ మాట చదివినప్పటి నుంచి నేను నిలబడలేకపోతున్నాను, కూర్చోలేకపోతున్నాను. నన్నేమన్నా అను. ముందు దాన్ని ఇంట్లోంచి తీసెయ్యి.

దాలిన్


నాన్నింగ్,
అక్టోబరు 28.

దాలిన్‌కు,

నీ ఉత్తరం కన్నా ముందు మీ అధికారి ఫోన్ వచ్చింది. ఆదివారం పొద్దున్న. అప్పుడు బ్యాటరీ ఛార్జింగ్‌లోనే ఉంది. షియావ్‌యు దాని పక్కన మంచం మీద కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. ప్లగ్గు ఆపి, పిల్లని చెప్పుల్లేకుండా ఈడ్చుకుంటూ కిందికి దిగాను. ఫైరింజన్ వాళ్ళు వచ్చి ఇనప పెట్టెలో పెట్టి తీసుకెళ్ళారు. అడుగు ఒక పక్క ఉబ్బి ఉందట. "ఇంకెన్నాళ్ళు పెడదామనుకున్నారమ్మా?" అని వాళ్ళలో ఒకాయన అడిగాడు. మేడంతా కిందే నిలబడి చూసింది. లువో పెద్దమ్మ తన చెప్పులు విప్పి పిల్లకి తొడిగింది. తిట్టినా బాగుండేది.

ఆ మధ్యాహ్నమే కొత్త బండి కొన్నాను. ఏ షాపు ముందొస్తే అందులో కొన్నాను. సీసం బ్యాటరీ, పాతిక దాటదు. రంగు కూడా ఇంటికొచ్చాకే చూశాను.

మర్నాడు పాన్ హుయ్‌జెన్ దగ్గరికి వెళ్ళాను. పులవబెట్టిన వెదురు చిగుళ్ళు తరుగుతోంది. నన్ను చూడగానే తల దించింది, తిట్లకి సిద్ధపడినట్టు.

"ఇవాళ బండి మారిందేం యిన్‌మెయ్ అక్కా?" అంది, తల ఎత్తకుండా.

చెప్పాను. అంతా చెప్పాను. ఆవిడ తరగడం ఆపలేదు.

"ఛార్జర్ వల్ల కాదా?"

"కాదు."

"మరి నేను అది మార్చాను కదా. అగ్గువగా వస్తోందని మార్చాను."

"ఏ ఛార్జర్ పెట్టినా అది కాలిపోయేదే. నీ తప్పేం లేదు."

"నిజంగా కాదా అక్కా?"

అప్పుడు కత్తి పక్కన పెట్టి నేల మీద కూర్చుండిపోయింది. "మా అన్నయ్య నాతో మాట్లాడి రెండేళ్ళయింది. నాన్నని నేనే చంపానంటాడు. నేనూ అవునన్నాను. ఊరంతా అంటుంటే, నువ్వు రోజూ అంటుంటే, అవునేమో అనుకున్నాను" అంది. తర్వాత ఫోన్ తీసి అన్నకి కలిపి నా చేతిలో పెట్టింది. "నేను చెబితే నమ్మడు. నువ్వు చెప్పు" అంది. చెప్పాను. ఆయన అంతా విని ఫోన్ పెట్టేశాడు. ఆవిడ ఆ ఫోన్ వంక చూస్తూ చాలాసేపు కూర్చుంది. మళ్ళీ మోగలేదు.

నేను రెండేళ్ళు ఆ మనిషిని సంతలో, బజార్లో, కోర్టు మెట్ల మీద చంపాను. నీ కోసం చంపాను. ఈ పాపం నేనెక్కడ కడుక్కోను?

ఇప్పుడు నేనడిగేదానికి జవాబు రాయి. ఆరు కట్టానన్నావు. ఒకటి ఉబ్బింది. ఒకటి నీ బండిలోది. ఒకటి పాన్ ఇంట్లో కాలింది. మిగతా మూడూ ఎక్కడున్నాయి? ఉత్తరమంతా నీ కూతురి గురించే రాశావు. ఆ మూడిళ్ళలో పిల్లలు లేరా?

నేను బండి కొనాలనుకోకపోతే, అసలు ఎప్పటికైనా చెప్పేవాడివా?

యిన్‌మెయ్


జైలు, మూడో విభాగం,
నవంబరు 6.

అక్కా,

చెప్పేవాణ్ణి కాదు. నీకింక అబద్ధం రాయను.

మొదట్లో రోజూ ఆ మూడింటి గురించే ఆలోచించేవాణ్ణి. వార్తల్లో ఎక్కడ మంటలన్నా ఊరి పేరు వినేదాకా కదిలేవాణ్ణి కాదు. నెలలు గడిచాక, ఏమీ కాలేదు కాబట్టి ఇంకేమీ కాదనుకున్నాను. తర్వాత తర్వాత ఆ ఆలోచన కూడా మానేశాను.

ఒకటి ఉత్తరపు సంతలో టోఫు అమ్మే మెంగ్ పిన్నిది. ఒకటి రైల్వే క్వార్టర్లలో ఉండే టాంగ్ మాస్టారిది, రిటైరయ్యారు. మూడోది ఒకావిడ. పేరు తెలియదు. షాపు మూసే వేళకి వచ్చింది, ముప్ఫై ఏళ్ళుంటాయి. బండి ముందు పిల్ల సీటు ఉంది, పసుపు గుడ్డతో ఎండ పందిరి కట్టి ఉంది. బిడ్డకి జబ్బని, రోజూ రెండుసార్లు ఆసుపత్రికి తిప్పాలని, దారిలో ఛార్జింగ్ అయిపోతోందని చెప్పింది. "గట్టిదేనా అన్నా?" అని అడిగింది. "నా బండిలోనూ ఇదే" అన్నాను. నంబరు రాసుకోలేదు. ఆవిడ మొహం ఎంత ప్రయత్నించినా గుర్తు రావడం లేదు, బిడ్డ కాళ్ళకి వేసిన ఎర్ర మేజోళ్ళు మాత్రం గుర్తున్నాయి.

ఇక్కడ అధికారులకి అంతా వాంగ్మూలం ఇచ్చాను. మళ్ళీ కేసు నడుస్తుంది. వసంతానికి నేను రాను. ఎప్పుడొస్తానో తెలియదు. పిటిషన్ కాగితాలు చింపెయ్. షియావ్‌యుకి ఏం చెప్పాలో నీ ఇష్టం.

దాలిన్


నాన్నింగ్,
నవంబరు 30.

దాలిన్‌కు,

మెంగ్ పిన్ని దొరికింది. బ్యాటరీ ఇమ్మంటే నవ్వింది. "రెండేళ్ళలో ఒక్కరోజు మొరాయించలేదే. మీ తమ్ముడు బంగారంలాంటి సరుకిచ్చాడు. ఇవ్వను పో" అంది. రెండు రోజులు తిరిగాను. చివరికి పాన్ హుయ్‌జెన్‌ని వెంట తీసుకెళ్ళాను. ఆవిడ ఏమీ వాదించలేదు, వాళ్ళ నాన్న ఫొటో చూపించి నిలబడింది. పిన్ని లోపలికి వెళ్ళి తనే తీసుకొచ్చి వాకిట్లో పెట్టింది. "రేపు టోఫు ఎలా మొయ్యాలే?" అని నన్నడిగింది. రోజూ క్యాంటీన్‌కి వెళ్ళే ముందు ఆవిడ డబ్బాలు నా బండి మీద సంతకి చేరవేస్తున్నాను. దానివల్ల మళ్ళీ ఆలస్యమవుతోంది. సూపర్‌వైజరు వచ్చే నెలాఖరుతో మానెయ్యమన్నాడు.

టాంగ్ మాస్టారు ఆ బ్యాటరీ వాడటం మానేసి ఏడాదైందట. ఎప్పటికైనా పనికొస్తుందని మంచం కింద దాచుకున్నారు. ఆ మంచం మీద ఆయనా, మనవడూ పడుకుంటారు. ఫైరింజన్ వాళ్ళు దాన్ని తీసుకెళ్ళేటప్పుడు మా అందరికీ టీ ఇచ్చి, "మీ తమ్ముడు మంచివాడమ్మా, నా దగ్గర కూలి తీసుకోలేదు" అన్నారు. నేను ఆ టీ తాగలేకపోయాను.

మూడోది దొరకలేదు. పోలీసులు నోటీసులు అంటించారు. ఎవరూ రాలేదు. ఊళ్ళో ఉన్న పిల్లల ఆసుపత్రులన్నీ తిరిగాను. "రెండేళ్ళ కిందట రోజూ రెండుసార్లు వచ్చిన తల్లి" అంటే నర్సులు జాలిగా చూస్తారు. ఆ బిడ్డకి నయమైందో లేదో. నయమై ఉంటే ఇప్పుడు ముందు సీటులో పట్టదు, ఎర్ర మేజోళ్ళూ పట్టవు. పసుపు గుడ్డ ఎప్పుడో చిరిగి ఉంటుంది. వెతకడానికి నువ్విచ్చిన గుర్తులు ఇవి.

షియావ్‌యు అడిగింది, "నాన్న తప్పు చేశాడా?" అని. అవునన్నాను. "నాకోసమే నిజం చెప్పాడా?" అంది. అవునన్నాను. అప్పటి నుంచి నాతో నీ మాట ఎత్తడం లేదు. వంటింట్లో పడుకోనంటోంది. దుప్పటి తెచ్చుకుని నా పక్కన ముడుచుకుంటుంది.

ఆవిడ మొహం గుర్తు తెచ్చుకో. గుర్తొస్తే ఆ రోజే రాయి. అప్పటిదాకా నీ దగ్గు గురించి, గొడుగుల గురించి నాకేమీ రాయకు, నేను చదవలేను.

నిన్న వంతెన దగ్గర ఎర్ర లైటు పడింది. రోజూలాగే వందల బండ్లు వచ్చి ఆగాయి. సగం ఆడవాళ్ళే, ముందు పిల్లలు, వెనక పిల్లలు. నేను బండి స్టాండు వేసి, దిగి, వాళ్ళకి ఎదురుగా నిలబడి అరిచాను. "రెండేళ్ళ కిందట దాలిన్ బండ్ల షాపులో బ్యాటరీ కొన్నవాళ్ళెవరైనా ఉన్నారా? నీలం కాగితం, నల్ల టేపు. అది ఇంట్లో పెట్టకండమ్మా, దండం పెడతాను." కొందరు తిరిగి చూశారు. ఎవరో హారను కొట్టారు. ఒకావిడ బిడ్డని దగ్గరికి లాక్కుని, నాకు మతి లేదనుకుని బండి పక్కకి జరుపుకుంది. పచ్చ లైటు పడింది. అందరూ వెళ్ళిపోయారు.

యిన్‌మెయ్